నలభై ఏడో నంబరు జేబులు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఆవిడ జేబులక్క. దర్జీ అన్నాక జేబులు కుట్టక ఏం చేస్తుంది, దానికింత పేరెందుకని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఆవిడ చెప్పదు. "ప్యాంటు పొడుగు తగ్గించాలా, జిప్పు మార్చాలా? ముందు ఆ సంగతి చెప్పండి" అంటుంది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. నవ్వు కూడా ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటుంది గానీ, దాన్ని చూడాలంటే కాస్త ఓపిక కావాలి.

షాపులో ఒక కుట్టు మిషను, ఒక ఇస్త్రీ బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీ వచ్చినవాళ్ళకి, రెండోది వాళ్ళు తెచ్చిన బట్టలకి. ఎడమ గోడకి పైనుంచి కిందిదాకా ఒక ముతక గుడ్డ వేలాడుతుంటుంది. దాని మీద ముప్ఫై ఒక్క జేబులు. ఏ రెండు జేబులూ ఒకే గుడ్డ కావు. ఒకటి గళ్ళది, ఒకటి చారలది, ఇంకొకటి వెలిసిపోయిన పువ్వులది. వాటిలో ఉత్తరాలుంటాయి. ఆవిడవి కావు, ఎదురింటివి.

ఎదురిల్లంటే నలభై ఏడో నంబరు. 'నిరాశ్రయుల వసతి గృహం' అని బోర్డు ఇంకా ఉంది. అందరూ వసతి అనేవారు. మూడేళ్ళ కిందట కప్పు కారుతోందని, బాగుచేసి మళ్ళీ తెరుస్తామని చెప్పి తాళం వేశారు. కప్పు ఇంకా కారుతూనే ఉంది, తాళం తుప్పు పట్టింది. మూతపడిన సంగతి మనుషులందరికీ తెలిసింది. ఉత్తరాలకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇల్లు లేకపోవడం ఒక కష్టమైతే, అడ్రసు లేకపోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు. పనిలో చేరాలంటే అడ్రసు, బ్యాంకులో అడ్రసు, ఆస్పత్రి చీటీ మీద అడ్రసు. అందుకే అక్కడ తలదాచుకున్న ప్రతివాళ్ళూ నలభై ఏడు అని రాసేవారు. తర్వాత అద్దె గదుల్లోకి మారినా ఆ నంబరు మార్చుకోలేదు. గది ఆర్నెల్లకోసారి మారుతుంది, నలభై ఏడు ఎక్కడికీ పోదు కదా అని వాళ్ళ ధీమా.

జేబులక్క కూడా ఒకప్పుడు ఆ ఇంట్లో పదకొండు నెలలుంది. ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. సొంత అక్కతో పోట్లాడి, ఒక్క సంచీతో బయటికొచ్చేసింది. ఎందుకు పోట్లాడుకున్నారో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. తప్పు ఎవరిదో మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది. వసతి నుంచి అక్కకి ఒక ఉత్తరం రాసింది. జవాబు లేదు. చూసి చూసి, వేరే ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో పని దొరికితే వెళ్ళిపోయింది.

నాలుగు నెలల తర్వాత, మర్చిపోయిన కత్తెర కోసం మళ్ళీ వచ్చింది. ఆవిణ్ణి చూడగానే వసతి చూసుకునే వార్డెనమ్మ లోపలికి పోయి, తన దిండు గలీబులోంచి ఒక కవరు తీసుకొచ్చింది.

"అలమరాలో పెడితే ఎవరైనా సర్దేస్తారని నా తలకిందే పెట్టుకున్నానమ్మా. నువ్వొస్తావో రావో నాకేం తెలుసు? వస్తే ఉండాలిగా."

అందులో రెండే వాక్యాలు. "నీ మిషను నీకోసమే ఉంచాను. తిడతాను, అయినా రా."

వెళ్ళింది. తిట్లూ తిన్నది, మిషనూ తెచ్చుకుంది. ఇప్పటికీ షాపులో నడుస్తున్నది అదే మిషను. అక్క ఊళ్ళోనే పన్నెండేళ్ళు కుట్టి, చివరికి మనసు ఇటే లాగుతుంటే ఈ వీధికొచ్చి, వసతికి ఎదురుగా షాపు పెట్టింది. వచ్చాక చేసిన మొదటి పని ఆ జేబుల గుడ్డ కుట్టి వార్డెనమ్మకివ్వడం. ఎవరి పాత బట్టలోంచి వాళ్ళకే ఒక జేబు. చదువు రానివాళ్ళు కవరు మీద పేరు చదవలేరు గానీ, తన చొక్కా గుడ్డ తనకి తెలియనివాడు ఎవడుంటాడు?

వసతి మూసిన రోజున వార్డెనమ్మ ఆ గుడ్డని మడతపెట్టి రోడ్డు దాటించింది. "ఇక పూచీ నీదే" అంది. ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది. పూచీ మిగిలింది. జేబులక్క అక్క కూడా, చేతిలో ఫోనుండి కూడా, ఇప్పటికీ నలభై ఏడుకే ఉత్తరం రాస్తుంది. "ఆ నంబరుకి రాస్తేనే నువ్వు దొరికావు, ఇంకో నంబరు నేను నమ్మను" అంటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే తానులో గుడ్డలు మరి.

మూసిన ఇంటి ఉత్తరాన్ని వెనక్కి పంపాలని తపాలా ఆఫీసు రూలు. ఆ వీధి పోస్ట్‌మన్ మాత్రం వాటిని రోడ్డు దాటించి షాపులో ఇచ్చేవాడు. తన నోటికి జడిసే ఇస్తున్నాడని జేబులక్క అనుకునేది. ఆ గుడ్డలో అతని జేబు కూడా ఒకటుంది. పన్నెండేళ్ళ కిందట అరిగిపోయిన ఖాకీ ప్యాంటు ముక్క తెచ్చి, "నాకూ ఒకటి కుట్టక్కా" అన్నాడు.

"ఊరందరికీ ఉత్తరాలు పంచేవాడివి, నీకెవరు రాస్తారు తమ్ముడూ?"

"ఎవరూ రాయకపోతే ఖాళీగా ఉంటుంది. నీ సొమ్మేం పోయింది?"

కుట్టింది. అది నిజంగానే ఖాళీగా ఉంది.

ఒకరోజు పొద్దున అతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అతను కూర్చున్నాడంటే ఏదో ఉందన్నమాటే.

"అక్కా, ఆ ఇల్లు కూల్చి కొత్తది కడతారట. పక్కనున్న ఖాళీ స్థలంతో కలిపి నలభై తొమ్మిది చేస్తారట. నలభై ఏడు అనే నంబరే ఉండదు. ఒకటో తారీకు నుంచి ఆ ఉత్తరాలన్నీ వెనక్కి పంపెయ్యమని మా ఆఫీసులో గట్టిగా చెప్పారు."

జేబులక్క కాలు మిషను మీద ఆగిపోయింది. చారల జేబు ఆవిడ గుర్తొచ్చింది. హోటల్లో అంట్లు తోమే మనిషి. మోకాలి ఆపరేషన్‌కి ఏ రోజు రావాలో ఆస్పత్రివాళ్ళు ఉత్తరం రాస్తామన్నారని వారానికి రెండుసార్లు కుంటుకుంటూ వచ్చి చూసుకుపోతుంది. ఆ ఉత్తరం రెండో తారీకున వస్తే?

"ఇంకోటుంది" అంటూ అతను రెండు కవర్లు తీశాడు. మున్సిపాలిటీవి. అక్కడ ఏం కట్టాలో వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ రాసివ్వాలట, తర్వాత స్కూలు హాల్లో సభ. ఒక కవరు షాపుకి. రెండోదాని మీద 'డోరు నంబరు 47, నివాసులకు' అని ఉంది.

"మూడేళ్ళుగా తాళం వేసిన ఇంటిని అభిప్రాయం అడుగుతున్నారా?"

"జాబితాలోంచి తీసెయ్యడం మర్చిపోయుంటారు. వెనక్కి పంపెయ్యనా?"

"ముట్టుకున్నావంటే చూడు!" అని ఆవిడ కవరు లాక్కుంది.

ఆ తర్వాతి మూడు వారాలూ ఉత్తరాల కోసం ఎవరొచ్చినా, అక్కడ ఏం కడితే బాగుంటుందని అడిగింది. అడగడమే పాపమైంది. ఒకరు వేణ్ణీళ్ళ స్నానాల గదులన్నారు. ఒకరు కూర్చోడానికి బల్లలు చాలన్నారు. గళ్ళ జేబు లారీ డ్రైవరు, లారీ నిలుపుకునే జాగా ఉంటే బాగుంటుందన్నాడు.

"ఓరి నీ తెలివి తెల్లారా! నువ్వు కూడా మందులషాపాయన పార్టీలో చేరావా?" అందావిడ. వాహనాలకి జాగా కావాలని వీధిలో అందరినీ కూడగడుతున్నది మందులషాపాయనే.

ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి చారల జేబు ఆవిడే దారి చూపింది. "ఏం కట్టుకుంటే మనకేంటక్కా, కట్టుకోనీ. నా ఉత్తరం దారి తప్పకుండా చూడు, అంతే."

జేబులక్క ఫారంలో అదే రాసింది. ఏం కట్టినా సరే, నంబరు తీసెయ్యొద్దు, గేటు దగ్గర ఉత్తరాలకొక పెట్టె ఉండాలి. కింద ఇరవై ఎనిమిది సంతకాలు, వేలిముద్రలు.

సభ రోజున స్కూలు హాల్లో కుర్చీలు చాలలేదు. ఆ స్థలం పటాన్ని పెద్ద బల్ల మీద పరిచారు. ఇంటికొక రంగు స్టిక్కరు. నీలం అంటిస్తే వాహనాల జాగా, పచ్చదైతే పార్కు, పసుపుదైతే ఇళ్ళు. మున్సిపాలిటీ నుంచి వచ్చిన మేడం చిన్నపిల్లే గానీ ఓపికగలది. ఒకేసారి నలుగురు అరుస్తున్నా నలుగురివీ రాసుకుంటోంది.

మందులషాపాయన లేచాడు. "వసతిలో ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. కానీ మళ్ళీ వాళ్ళ కోసమే అంటే, వీధిలోవాళ్ళం మేమేమైపోవాలి? మా ఇబ్బంది కూడా చూడాలి కదా!" ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా ఏ వేళప్పుడైనా షట్టరెత్తే మనిషి. అందుకే ఆయన మీద జేబులక్కకి కోపం తెచ్చుకుందామన్నా సరిగ్గా రాదు.

మేడం నంబర్లు పిలుస్తోంది. నలభై మూడు. నలభై ఐదు. "నలభై ఏడు... ఇది ఖాళీ కదూ?" అని గుమాస్తా పెన్ను పెట్టి కొట్టెయ్యబోయాడు.

"ఖాళీ కాదు" అని జేబులక్క లేచింది. చంకలో పెట్టుకొచ్చిన గుడ్డని విప్పి పటం పక్కన బోర్డుకి తగిలించింది. ఫారం మేడం చేతిలో పెట్టింది.

గుమాస్తా తొంగిచూశాడు. "ఒకే డోరుకి ఇరవై ఎనిమిది సంతకాలేంటమ్మా? వీళ్ళెవరూ అక్కడ ఉండటం లేదు."

"ఉండటం లేదు బాబూ. కానీ వాళ్ళకి ఎవరైనా ఉత్తరం రాయాలంటే అక్కడికే రాయాలి."

"అసలు ఎవరమ్మా వీళ్ళంతా?" అన్నాడు మందులషాపాయన. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. "పాతికేళ్ళుగా ఉంటున్నాను, నాకొక్కరూ తెలియదే."

 వాళ్ళలో కొందరు ఆ హాల్లోనే ఉన్నారు. ఎవరు ఎక్కడ పడుకుని లేచారో నలుగురిలో చెప్పే హక్కు ఆవిడకి లేదు. చెప్పకపోతే నంబరు పోతుంది. తన సంగతి చెప్పుకుందామని నోరు తెరిచింది. "నేనున్నాను. పదకొండు నెలలు. మిగతావాళ్ళ సంగతి నేను చెప్పను. చెప్పుకోవాలో వద్దో వాళ్ళిష్టం."

"నువ్వొక్కదానివేగా మరి" అన్నారెవరో వెనకనుంచి.

 అప్పుడు గోడకానుకుని నిలబడ్డ పోస్ట్‌మన్ కదిలాడు. జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, గుడ్డ మీది ఖాకీ జేబులో చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇది నాది" అన్నాడు. "ఇరవై రెండేళ్ళ కిందట మూడు నెలలున్నాను. నా ఉద్యోగం ఆర్డరు నలభై ఏడుకే వచ్చింది. వార్డెనమ్మ పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టింది. మీ అందరి గుమ్మాల్లో ఇన్నేళ్ళుగా నేను వేసినవన్నీ ఆ ఒక్క ఉత్తరం చలవే."

 జేబులక్క మూడేళ్ళుగా ఆ ఖాళీ జేబుని దులుపుతూ వచ్చింది గానీ, అది ఎందుకు ఖాళీగా ఉందో ఒక్కసారి కూడా అడగలేదు.

చారల జేబు ఆవిడ మోకాలు పట్టుకుంటూ లేచింది. తర్వాత ఇంటింటికీ సిలిండర్లు వేసే అతను. తర్వాత ఆ స్కూల్లోనే గదులు ఊడ్చే ఆవిడ, చీపురు గోడకానించి మరీ వచ్చింది. తొమ్మిదిమంది ఎవరి జేబు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. రానివాళ్ళని ఎవరూ వెతకలేదు.

మందులషాపాయన సిలిండర్ల అతన్ని తేరిపార చూశాడు. ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది అతను మోసుకొచ్చిన సిలిండరుతోనే. గొంతు సవరించుకున్నాడు. "వాహనాల జాగా కట్టినా గోడ ఉంటుందిగా మేడం. గోడకి పెట్టె పెట్టొచ్చుగా. నంబరుంటే మనకి బరువా?" అన్నాడు. ఆయన నీలం స్టిక్కరు ఆయన అంటించుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

"పెట్టెకి స్టిక్కరు రంగు లేదే" అంది మేడం, చిక్కులో పడి. జేబులక్క సంచీలోంచి ఒక ఎర్ర బొత్తాం తీసి, పటంలో గేటున్న చోట గుండుసూదితో గుచ్చింది. మేడం నవ్వి, 'ఇతరములు' అన్న గడిలో రాసుకుంది.

"జవాబు ఏ అడ్రసుకి పంపాలమ్మా?" అన్నాడు గుమాస్తా అలవాటు కొద్దీ.

"నలభై ఏడు."

గుమాస్తా తల గోక్కున్నాడు. మేడం వైపు చూశాడు. ఆవిడ తలూపింది. రాసుకున్నాడు.

నెల చివరి రోజు దాకా ఏ కబురూ లేదు. ఆ రోజు మధ్యాహ్నం పోస్ట్‌మన్ సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకానించి లోపలికొచ్చాడు. చేతిలో రిజిస్టరు కవరు. 'డోరు నంబరు 47, నివాసులకు.' జేబులక్క కత్తెరతో కవరు కత్తిరించి, కూడబలుక్కుంటూ చదివింది. కింద వాహనాలకి జాగా, పైన చిన్న చిన్న ఇళ్ళు, గేటు పక్క గోడలో ముప్ఫై అరల తపాలా పెట్టె. డోరు నంబరు మారదు. కట్టడం పూర్తయ్యేదాకా ఆ నంబరు ఉత్తరాలు ఎదుటి దర్జీ షాపులో ఇవ్వవలెను.

'ఇవ్వవలెను' అన్న మాట దగ్గర ఆవిడ కళ్ళు మసకబారాయి. ఇన్నాళ్ళూ తమ్ముడు దొంగచాటుగా చేసిన పని ఇక రూలు. మేడంకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. తల గోక్కుంటూనైనా అడ్రసు రాసుకున్న గుమాస్తాకి, మందులషాపాయనకి కూడా పెట్టుకుంది. దిండు కింద ఒక పరాయిదాని ఉత్తరాన్ని నాలుగు నెలలు దాచిన వార్డెనమ్మకైతే ఎన్ని పెట్టుకున్నా చాలవనిపించింది.

"చదవడం అయితే సంతకం పెట్టక్కా. రిజిస్టరుది, సంతకం లేకుండా ముందే ఇచ్చేశాను. నా ఉద్యోగం పోతుంది" అని అతను రసీదు కాగితం చాపాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఉత్తరాన్ని మళ్ళీ మడతపెట్టి, గోడ దగ్గరికెళ్ళి ఖాకీ జేబులో పెట్టింది.

"నువ్వే పెట్టు."

"నేను తెచ్చిన ఉత్తరానికి నేనే సంతకం పెట్టడమేంటక్కా?"

"నివాసులకని రాశారా లేదా? నువ్వు నలభై ఏడువాడివా కాదా?"

 పోస్ట్‌మన్ బట్టల కుర్చీలోంచి బట్టలు తీసి బల్ల మీద పెట్టి, అక్కడ కూర్చుని, ఉత్తరం అందుకున్నవారు అన్న గీత మీద నింపాదిగా తన పేరు రాశాడు.