బుల్లెట్‌కి వెనక సీటు

మా బాబాయి శోభనాద్రికి గుడివాడలో ట్రాక్టర్ స్పేర్‌పార్టుల కొట్టుంది. ఇంజను చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పేస్తాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం "నీకేం కావాలి?" అని అడగమంటే నోరు పెగలదు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను. నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు నవ్వడు, అందుకని నేనూ అనడం మానేశాను.

ఆయన నెలంతా కొట్లో గడిపేది ఒక్క ఆదివారం కోసం. ఆ రోజు వెలుగు రాగానే బుల్లెట్ తీసేవాడు. బందరులో కాలేజీ లెక్చరరుగా ఉన్న సూర్యనారాయణ మావయ్య తన బుల్లెట్ మీద పామర్రు సెంటర్‌కి వచ్చి టీ తాగుతూ ఉండేవాడు. మూడోవాడు రాజారత్నం మావయ్య, అవనిగడ్డ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. చదువుకునే రోజుల్లో ముగ్గురిదీ బందరు హాస్టల్లో ఒకటే గది.

రాజారత్నం మావయ్య ఇల్లు పులిగడ్డకి ఇవతల, కృష్ణ కరకట్ట కిందే. వీళ్లెలాగూ ఆ దారినే వస్తారు కాబట్టి ఆయన ఇంటి దగ్గరే ఆగొచ్చు. ఆగేవాడు కాదు. యమహా వేసుకుని కట్ట మీదుగా శ్రీకాకుళం దాకా, అంటే మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళమే, ఎదురొచ్చి, మళ్లీ అదే దారిన వీళ్లతో వెనక్కి వెళ్లేవాడు. "నీకు పెట్రోలు ఊరికే వస్తోందిరా?" అని బాబాయి ఎగతాళి చేస్తే, "కట్ట మీద పోయే సరదా మీకేనా?" అనేవాడు.

సరదా అనిపించే దారే మరి. కుడిపక్క ఇసుక తిన్నెలు, రెల్లు, మధ్యలో సన్నగా నది. ఎడంపక్క కట్ట కింద అరటి, చెరుకు, పసుపు తోటలు. పులిగడ్డలో టీ తాగి, అవనిగడ్డ, కోడూరు దాటి సముద్రం ఒడ్డున హంసలదీవి చేరేవాళ్లు. ఒక్కోసారి నాగాయలంక రేవులో కూర్చుని పడవలు చూసి వచ్చేవాళ్లు. బాబాయి ముందు, సూర్యనారాయణ మావయ్య మధ్యలో, రాజారత్నం మావయ్య చివర. ఎవరి బండి మొరాయించినా చివరివాడే చూసుకోవాలి. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు.

రెండేళ్ల క్రితం స్కూలు ఆటల పోటీల్లో ఎండలో నిలబడి ఈల ఊదుతూనే కూలబడ్డాడు. పక్షవాతం. మాట తిరిగి వచ్చింది, కర్ర పట్టుకుని నడవగలిగాడు. ఎడమ చెయ్యి మాత్రం క్లచ్ నొక్కేంత బాగుపడలేదు. యమహాని మేనల్లుడికి ఇచ్చేశాడు.

ఇక్కడ మొదలైంది మావాళ్ల మొహమాటం. చూడ్డానికి వెళ్తే బండ్లు కనబడి బాధపడతాడేమోనని ఇద్దరూ కారులో వెళ్లారు. ఆయన వీళ్లని దాటి గేటు బయటికి చూశాడట. "బండ్లేవిరా?" అని అడిగితే, "మేమూ మానేశాంరా, నడుం నొప్పులు" అన్నాడు మా బాబాయి. సూర్యనారాయణ మావయ్య కూడా తల ఊపాడు. పాపం, పిల్లలకి సత్యం గురించి పాఠాలు చెప్పే మనిషి.

మానేశారా అంటే, ఎక్కడ మానేశారు? దారి మార్చుకున్నారంతే. కరకట్ట మీద వెళ్తే బుల్లెట్ చప్పుడు ఆయన చెవిన పడుతుందని మొవ్వ, చల్లపల్లి మీదుగా తారు రోడ్డున వెళ్లేవాళ్లు. ఆ రోడ్డులో ధాన్యం లారీల వెనక దుమ్ము తింటూ, అదంతా స్నేహితుడి కోసం చేస్తున్న త్యాగమనుకునేవాళ్లు.

మా పిన్ని ఒకసారి అడిగింది. "ఆయన్ని వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకెళ్లచ్చుగా?"

"డ్రిల్లు మాస్టర్ని పట్టుకుని వెనక కూర్చోమంటే చిన్నబుచ్చుకోడూ? అయినా వెనక సీటేదీ?" అన్నాడు బాబాయి.

నిజమే. కొట్టు సామాను వేసుకోవడానికి ఆయన ఏనాడో వెనక సీటు పీకించి ఇనప క్యారియర్ బిగించుకున్నాడు. కానీ సూర్యనారాయణ మావయ్య బండికి సీటుందిగా. అడగకుండా ఉండటానికి అదొక సాకు.

మొన్న మాఘమాసంలో అవనిగడ్డలో పెళ్లికని కారులో వెళ్తూ బాబాయీ నేనూ రాజారత్నం మావయ్య వాళ్లింట్లో ఆగాం. మగవాళ్లిద్దరూ వసారాలో కూర్చున్నారు. వంటింట్లో రాజారత్నం మావయ్య భార్య కరుణమ్మ అత్తయ్య టీ పెడుతూ గొంతు తగ్గించి చెప్పింది.

"మీ బాబాయిగారు బండి మానలేదని ఈయనకి తెలుసమ్మా. సూర్యనారాయణగారమ్మాయి మేఘన స్టేటస్‌లో ఫొటో పెట్టింది. హంసలదీవిలో రెండు బుల్లెట్లు. చూసి నవ్వుకున్నారు. అప్పట్నుంచీ ఆదివారం చర్చి నుంచి వచ్చాక బూట్లు విప్పరు. కట్ట వైపు కుర్చీ వేయించుకుని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంటారు."

"ఒక ఫోన్ చెయ్యచ్చుగా అత్తయ్యా, తీసుకెళ్లమని?"

"నేనూ అదే అన్నాను. నన్నెక్కించుకుంటే వాళ్లు నెమ్మదిగా పోవాలి, వాళ్లకే అనిపిస్తే వస్తార్లే అంటారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకడు అడిగితే బాధపడతాడని అడగడు, ఇంకొకడు అడిగితే ఇబ్బంది పడతారని అడగడు. టీ గ్లాసులు పట్టుకుని వసారాలోకి వెళ్లి అనేశాను.

"బాబాయ్, మావయ్య నీ బండెక్కాలని ప్రతి ఆదివారం బూట్లేసుకుని కూర్చుంటున్నాడు. ఎప్పుడు తీసుకెళ్తావో చెప్పు."

బాబాయి మొహం పాలిపోయింది. రాజారత్నం మావయ్య చేతికర్ర కేసి చూస్తూ కూర్చున్నాడు. బాబాయి తన కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎక్కుతావురా?"

"ఎక్కించుకుంటే ఎక్కనా?"

ఈ రెండు ముక్కలకి రెండేళ్లు పట్టింది వాళ్లకి. ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"సీటు బిగించుకుని వస్తాను. నెమ్మదిగా కట్ట మీదే పోదాం" అన్నాడు బాబాయి.

"సీటెందుకురా, క్యారియర్ చాలు. వచ్చే ఆదివారమే రా."

బాబాయి వింటేగా? బెజవాడ నుంచి సీటు తెప్పించాడు. వీపు ఆనడానికి ఇనప కమ్మి వెల్డింగ్ చేయించాడు, వంకర వచ్చిందని కోయించి మళ్లీ చేయించాడు. ఎడమ కాలు జారకుండా పట్టీ పెట్టించాడు. నడుముకి బెల్టు. ఆదివారం వచ్చినప్పుడల్లా "వెళ్తున్నావా?" అని అడిగితే ఏదో ఒక వంక. కుషన్ గట్టిగా ఉందనేవాడు, పట్టీ కురచైందనేవాడు. గతుకులకి ఆయన ఒళ్లు అదరకూడదని ఈయన తాపత్రయం. ఓసారి రాజారత్నం మావయ్యే ఫోన్ చేసి, "సీటు చేయిస్తున్నావా, సింహాసనం చేయిస్తున్నావా?" అన్నాడు. బాబాయి మురిసిపోతూ ఆ మాట అందరికీ చెప్పుకున్నాడు.

సీటు పూర్తయింది. ఇంకో రెండు రోజుల్లో ఆదివారమనగా రాజారత్నం మావయ్యకి పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి కుడిపక్క. ప్రాణం దక్కింది కానీ నడుం నిలబడలేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూడ్డానికి బయల్దేరాం. ఈసారి బండ్ల మీదే వెళ్దామన్నాడు బాబాయి. కొత్త సీటు మీద నన్ను ఎక్కనివ్వలేదు. పామర్రు దాకా బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి సూర్యనారాయణ మావయ్య వెనక కూర్చున్నాను. రెండేళ్ల తర్వాత మావాళ్లు మళ్లీ కరకట్ట ఎక్కారు. తోటల మీంచి చల్లగాలి వస్తోంది. అంత అందమైన దారిని అంత దిగులుగా చూడటం నాకదే మొదటిసారి. ముందు బాబాయి బండి మీద ఖాళీ సీటు కొత్తగా మెరుస్తోంది.

మంచం వసారాలోనే వేశారు. దాని కింద బూట్లున్నాయి. బాబాయి బుల్లెట్‌ని గేటు లోపలికి తెచ్చి మంచానికి ఎదురుగా నిలబెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఊరికే అన్నారా?

రాజారత్నం మావయ్య ఆ సీటు వంక చాలాసేపు చూశాడు. కమ్మి చూశాడు, పట్టీ చూశాడు, బెల్టు చూశాడు. మాట ముద్దముద్దగా వస్తోంది, అయినా తెలుస్తోంది.

"బావుందిరా సీటు" అన్నాడు.

బాబాయి మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మావయ్య కాస్త ఊపిరి తీసుకుని, కోపమేమీ లేకుండా, అప్పుడెప్పుడో కుదరని సినిమా ప్రోగ్రాం గురించి చెప్పుకున్నట్టు అన్నాడు.

"చెప్పాను కదరా, క్యారియర్ చాలని."

బాబాయి ఆ మంచం పట్టె మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇప్పుడు నెలకో ఆదివారం కాదు, ప్రతి ఆదివారం వెళ్తాడు. కట్ట మీద ఇంటిదాకా వెళ్లి, మంచం పక్కన కూర్చుని, మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. సముద్రం దాకా మళ్లీ వెళ్లలేదు. కొట్టు సామాను ఆటోలో తెప్పించుకుంటున్నాడు కానీ సీటు మాత్రం తియ్యలేదు. మొన్న ఆఫీసుకి ఆలస్యమవుతోంది, బస్టాండు దాకా దింపు బాబాయ్ అన్నాను. బుల్లెట్ తాళాలు చేతిలోనే ఉన్నాయి. రోడ్డు మీదికి వెళ్లి నాకోసం ఆటో పిలుచుకొచ్చాడు.