సియెని అత్త మోకాళ్ల మీది చాప

సవాయి దీవిలో మా ఊరి ఆడవాళ్లు అల్లికల ఇంట్లో బాసింపట్టు వేసుకునే కూర్చోవాలి. పెద్దల ముందు కాళ్లు చాపడం అమర్యాద. తప్పనిసరైతే కాళ్ల మీద చాప కప్పుకోవాలి. మా సియెని అత్త పెళ్లికి ముందు నుంచీ అలా కూర్చునే సన్నచాపలు అల్లింది. ఇప్పుడు ఆమె కుడి మోకాలు సీమపనస కాయలా ఉబ్బింది. కొత్త చర్చి ప్రారంభానికి పాస్టరుగారికి పెట్టాల్సిన చాప సగంలో ఉంది. ఊరికి చాప కావాలి. అత్తకేమో, రేపు తీరానికి నడిచి కూరకు గుల్లలు తనే ఏరి తెచ్చుకునే కాళ్లు మిగలాలి.

పట్నంలో ఓ క్లినిక్కువాళ్లు కణాలు విడిచే సంచుల్ని సూదితో ఎక్కిస్తే మృదులాస్థి మళ్లీ మొలుస్తుందంటున్నారట. సూది వేయిస్తామని చర్చి కమిటీ ముందుకొచ్చింది. నేను సముద్రం దాటి సువా విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివాను. కోపం ఆపుకోవడం మాత్రం అక్కడ నేర్పలేదు.

"ఏమిటే ఆ సంచులు? గొప్పలు పోకుండా చెప్పు," అంది అత్త.

"కంటికి కనబడనంత చిన్నవి. ఒక కణం కబురు ఇంకో కణానికి మోస్తాయి. నీ మోకాల్లో దెబ్బతిన్న కణాలు వాపు కబుర్లు పంపుతున్నాయి. అందుకున్నవీ చెడుతున్నాయి."

"అచ్చం మన అల్లికల ఇల్లే!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"మరి సూదిలోవి?"

"మంచి కణాలు విడిచినవైతే మంచి కబురు మోయొచ్చు. ఏవి, ఎంత, ఎవరికి అన్నది ఇంకా తేలలేదు. తేలకముందే అమ్మేస్తున్నారు. సూది పొడిచి నిన్ను మళ్లీ బాసింపట్టే వేయిస్తారు!"

అంతలో పాస్టరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఓర్పే ప్రార్థన, సియెని. సూది వేయించుకో, చాప ముగించు."

నాకు ఒళ్లు మండింది. ఎదుటివాళ్ల మోకాళ్ల ఓర్పును పొగిడేవాళ్లు ఎప్పుడూ కుర్చీల్లోనే ఎందుకుంటారు? నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"అంత మంచి ప్రార్థనైతే మీరూ కింద కూర్చోండి."

ఆయన కదల్లేదు. అత్త పళ్లు బిగించి రెండు కాళ్లూ ఆయన వైపే బారచాపింది. పోగులు వేలాడుతున్న ఆ సగం చాపనే లాగి మోకాళ్ల మీద కప్పుకుంది.

"మర్యాదకేం లోటు చెయ్యలేదు, కప్పుకున్నాను. సూదీ వద్దు, కింద కూర్చోనూ కూర్చోను. నాకో కుర్చీ వేయిస్తే మిగతాది అల్లుతాను. లేదంటే ఇది నా మోకాళ్లకు సరిపోయింది."

పాస్టరుగారు విసురుగా లేచి వెళ్లిపోయారు. ఆ కుర్చీని నేను అత్త దగ్గరికి ఈడ్చాను.