కూతురికి తెచ్చిన ఫ్లాస్కు

కాఫీ గింజలు వేయించి అమ్మే ఆ పెద్దాయన్ని వీధి వీధంతా డికాషన్ మాస్టారనే పిలిచేది. వేపుడు కుదిరిందో లేదో చూసే వంకతో రోజూ ఎన్ని కప్పులు తాగేవాడో ఆయనకే తెలియదు. అయినా మంచమెక్కితే చాలు, గురకే. కాఫీ తాగితే నిద్ర పట్టదని ఎవరైనా అన్నారో, ఆయనకు ఒళ్ళు మండేది. "అదంతా కాఫీ తాగడం రానివాళ్ళ గోల," అని కొట్టిపారేసేవాడు. మిగిలిన పిప్పి దుకాణం వెనక గోడవార పోసేవాడు. అక్కడ గడ్డిపోచ కూడా మొలిచేది కాదు. కలుపు పీకే పని తప్పిందని అదీ ఓ గొప్పగానే చెప్పుకునేవాడు.

కూతురి కాపురం పక్క వీధిలోనే. ఆమెకు కొడుకు పుట్టాడు. పాలిచ్చే తల్లికి సత్తువ ఉండాలని మాస్టారు, దుకాణంలో అమ్మేదానికన్నా చిక్కటి డికాషన్ తీసి, పొద్దునా సాయంత్రం ఫ్లాస్కు నిండా కాఫీ కలిపి తనే పట్టుకెళ్ళేవాడు. కూతురు తాగేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

పిల్లాడు మాత్రం కన్ను మూయడు. చేతులు వణికిస్తాడు, ఉలిక్కిపడతాడు, గుక్కపెట్టి ఏడుస్తాడు. ఓ సాయంత్రం వియ్యపురాలు వాణ్ణి భుజాన వేసుకుని తిరుగుతుంటే మాస్టారికి తలకొట్టేసినట్టయింది. అల్లుడు వింటుండగానే, "మా అమ్మాయికి ఓపిక తక్కువ వదినగారూ! బిడ్డను నిద్రపుచ్చడం కూడా చేతకాదు," అనేశాడు. కూతురు కప్పులో మిగిలింది గటగటా తాగేసి లోపలికెళ్ళింది.

ఆ వారంలోనే బిడ్డను డాక్టరమ్మకు చూపించారు. మాస్టారూ వెంట వెళ్ళాడు. జబ్బేమీ లేదని తేల్చాక ఆవిడ తల్లినడిగింది, "కాఫీ ఎంత తాగుతావమ్మా?"

"కొంచెమేనండీ," అంది కూతురు.

"కొంచెమేమిటి, రోజూ రెండు ఫ్లాస్కులు! నేనే కలిపి తెస్తాను," అన్నాడు మాస్టారు మురిసిపోతూ.

డాక్టరమ్మ ఆయన వంక చూసింది. "తల్లి తాగిన కాఫీలోని కెఫీన్ పాలల్లోకి దిగుతుందండీ. మన ఒంట్లోంచి పూటలో పోయేది, ఈ పసివాడి ఒంట్లోంచి పోవడానికి రోజులు పడతాయి. అది పోయేలోపే మీరు ఇంకో ఫ్లాస్కు తెస్తున్నారు."

మాస్టారు తిన్నగా దుకాణం వెనక్కి పోయి, ఆ గోడవార బోడినేల చూస్తూ నిలబడిపోయాడు. గడ్డినే లేవనివ్వనిది ఇన్నేళ్ళూ కళ్ళెదుటే ఉంది. పసివాడికి పట్టించింది తను, మాట పడింది కూతురు. సిగ్గుతో చచ్చిపోయాడు.

కాఫీ మానేశాక కొన్నాళ్ళకు పిల్లాడు ఒళ్ళెరగకుండా నిద్రపోయాడని కబురొచ్చింది. మాస్టారు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, ఫ్లాస్కు లేకుండా వెళ్ళాడు. కూతురు బిడ్డ పక్కన కూర్చుని ఉంది.

"నీకు చేతకాక కాదమ్మా. తప్పంతా నాదే," అన్నాడు తలెత్తకుండా.

"ఆ కాఫీ తాగితే నాకూ గుండె దడదడలాడేది నాన్నా. వద్దంటే చిన్నబుచ్చుకుంటావని తాగాను."

మాస్టారు తన ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు.

"చేతకాదన్న మాట అత్తయ్య ముందు, ఆయన ముందు అన్నావు," అంది కూతురు మెల్లగా. "ఇదీ వాళ్ళ ముందే చెప్పు."

ముందు గదిలో వియ్యపురాలూ అల్లుడూ మాట్లాడుకుంటున్నారు. మాస్టారు రేపు చెప్తాలేమ్మా అనబోయాడు. కూతురు అప్పటికే లేచి, తలుపు తెరిచి పట్టుకుంది.