కొటేషన్‌లో కొట్టేయించిన మూడు లైన్లు

పోయినవి ముందు రాస్తాను. చర్మం క్లినిక్‌లో ఒక్క సిట్టింగ్‌కు ఆరు వేల రూపాయలు. ఆ తరువాత నెలకు ఎనిమిది వందల చొప్పున పద్నాలుగు నెలల మందులు, పదకొండు వేల రెండు వందలు. నా భార్య దగ్గరికి సాయంత్రాలు ట్యూషన్‌కు వచ్చే పంతొమ్మిది మంది పిల్లల్లో, రెండు నెలలు ఆపేసరికి వెళ్ళిపోయినవాళ్ళు ఎనిమిది మంది. ఆమె రానన్న పెళ్ళిళ్ళు మూడు. వాటికి ఒక్కడినే వెళ్ళి "ఆమెకు ఒంట్లో బాగాలేదు" అని ఎందరికి చెప్పానో లెక్క పెట్టలేదు. ఆఖరున, ఆమె రెండు చెంపల సొంత రంగు. దానికి ధర వేయడం నాకు చేతకాలేదు.

ధర వేయడమే నా పని. మల్లాపూర్‌లో అక్రిలిక్ బోర్డులు కోసే షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా కొటేషన్లు రాస్తున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి. షీటులో ఎన్ని అక్షరాలు పడతాయో, మీటరు కోతకు ఎంతసేపు పడుతుందో చూసి చూసి నేర్చుకున్నాను. మా కోత మెషిన్ కార్బన్ డయాక్సైడ్ లేజర్. కంటికి కనపడని వెలుగు, తగిలిన చోట షీటు ఆవిరైపోతుంది. అదే వెలుగు చర్మంలోని నీటిని ఆవిరి చేసి సన్నటి రంధ్రాలు పెడుతుందని, అవి మానేటప్పుడు పుట్టే కొత్త చర్మం గుంటలను పూడుస్తుందని ఉప్పల్‌లో క్లినిక్ వాళ్ళు చెప్పినప్పుడు, ఆ గదిలో అందరికన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

గుంటలు నా భార్యవి. పదిహేడో ఏట వచ్చిన మొటిమలు పోతూ పోతూ చెంపల నిండా వదిలి వెళ్ళినవి. ట్యూషన్ డబ్బులోంచి మూడేళ్ళు దాచుకుని, ఒకసారి చూపించుకుందామంది.

క్లినిక్ మిఠాయి దుకాణం పైన ఉండేది. తెల్ల సోఫాలు, ప్లాస్టిక్ పూలు, గోడ నిండా ‘ముందు, తరువాత’ ఫోటోలు. ‘ముందు’ ఫోటోలో దీపం పక్క నుంచి, ‘తరువాత’లో ఎదురుగా. పక్క నుంచి వెలుగు పడితేనే గుంట నీడ కనపడుతుందని బోర్డుల పని చేసే ఎవడికైనా తెలుసు. నవ్వుకున్నాను. నవ్వుకున్నవాణ్ణి లేచి రావాలి కదా. కూర్చున్నాను.

కౌన్సెలర్ అని పిలిచే ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో క్యాలిక్యులేటర్ తప్ప ఏమీ లేదు. "మ్యామ్, మీకు మూడు సిట్టింగులు చాలండి. మొత్తం ఇరవై ఐదు వేల మూడు వందలు. ఇవాళే కడితే ఈ రేటండి" అంది.

విడివిడిగా రాసిమ్మన్నాను. మెషిన్ చార్జీ సిట్టింగ్‌కు ఆరు వేలు, మూడింటికి పద్దెనిమిది వేలు. డాక్టర్ ఫీజు మూడుసార్లకు నాలుగు వేల ఐదు వందలు. టెస్ట్ ప్యాచ్ అంటే ముందుగా చిన్న చోట చేసి చూడడం, వెయ్యి. రెండు వారాలు ముందు పూసుకునే క్రీము, తరువాత ఎండకు పూసుకునేది కలిపి పద్దెనిమిది వందలు.

"టెస్టుకు వెయ్యేందమ్మా? మా షెడ్డుల ప్రతి షీటుకు టెస్ట్ కట్ జేస్తం. ఎవని దగ్గర పైస తీసుకోం" అన్నాను.

"తీసేద్దాం సార్."

"డాక్టర్‌ది అలగ్ ఎందుకు? మెషిన్ రేట్లనే ఆపరేటర్ జీతం ఉంటది గద?"

"తీసేద్దాం సార్."

క్రీములు కూడా తీసేయించాను. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా వద్దనలేదు. ఒక మొహానికి ఏది అవసరమో ఏది కాదో తెలియని మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా అంతే తెలియని నేను.

మా వైపు షెడ్లలో ఒక పద్ధతి ఉంది. కొట్టేయించుకోవడానికే కొటేషన్‌లో నాలుగు లైన్లు ఎక్కువ రాస్తాం. లైను కొట్టేస్తే ధర పోతుంది, పని మాత్రం ఎలాగూ చేస్తాం. అక్కడ లైనుతో పాటు పని కూడా పోయింది.

మెట్లు దిగుతూ నా భార్య అడిగింది: "డాక్టర్‌ను ఒక్కసారన్న సూపియ్యలే గదయ్యా?"

"మెషిన్ కాడ ఉంటడు తియ్" అన్నాను. ఆమె దాచినదాంట్లో అలా మిగిలిన డబ్బుతో ఇంటికి ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చాను.

సిట్టింగ్ రోజున మెషిన్ దగ్గర ఉన్నది టెక్నీషియన్. డాక్టర్ ఏడన్నాను. "మీ ప్యాకేజీలో లేరు సార్" అన్నాడు. ముందు వచ్చినామెకు పెట్టిన పవర్ నంబర్లే తెర మీద ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండానే మొదలుపెట్టాడు. మా షెడ్డులో అలా చేస్తే మనిషిని గేటు బయటికి పంపిస్తాను. ఇక్కడ డబ్బు కట్టేశాను కనుక నోరు మూసుకున్నాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది.

వారానికి పొక్కులు రాలాయి. ఎండకు పూసే క్రీము బయట కొనలేదు, బండి మీద చున్నీ కట్టుకుంటుంది కదా అనుకున్నాను. నాలుగో వారానికి రెండు చెంపల మీద లేజర్ ముద్ర పడినంత మేర గోధుమరంగు చతురస్రాలు తేలాయి. ఎడమ వైపు తొమ్మిది, కుడి వైపు ఏడు. చూపిస్తే కౌన్సెలర్, "నార్మల్ సార్, రెండో సిట్టింగ్‌లో పోతాయి" అంది.

సంగతి విని మా మెషిన్ ఆపరేటర్ అన్న మాట ఇది: "అన్నా, షీటు ముక్క మీద టెస్ట్ కట్ లేంది నన్ను బటన్ ఒత్తనియ్యవు. వదిన షీటు ముక్క కన్న అగ్గువయ్యిందా?"

రామంతాపూర్‌లో ఇంటి ముందు గదిలోనే చూసే చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మన రంగు చర్మం వేడికి తొందరగా నల్లబడుతుందని, అందుకే ముందు చిన్న చోట చేసి కొన్ని వారాలు ఆగి చూస్తారని చెప్పింది. "తగ్గుతాయి. ఏడాది పైనే పట్టొచ్చు. అన్నీ పోతాయని మాట ఇయ్యను" అంది. ఆమె ఫీజు మూడు వందలు.

మిగిలిన రెండు సిట్టింగుల డబ్బు కోసం నేను క్లినిక్‌కు ఐదుసార్లు తిరిగాను. ఆరోసారి నా భార్య వచ్చింది. తెల్ల సోఫా మధ్యలో కూర్చుని చున్నీ విప్పింది. అప్పటికి ఏడుగురు ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

కౌన్సెలర్ పరుగున వచ్చింది. "మ్యామ్, లోపల మాట్లాడుకుందాం రండి."

"ఈడనే మంచిగున్నది బిడ్డా. చల్లగున్నది."

ఏడుగురిలో ఇద్దరు లేచి వెళ్ళిపోయాక, ముప్పై నిమిషాల్లోపే పన్నెండు వేలు ఆమె ఫోనులో పడ్డాయి. తప్పయిందన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఇంటికి వచ్చి, ఐదుసార్లలో నేను చేయలేనిదాన్ని చేశావని మెచ్చుకోబోయాను.

"గది ఆళ్ళ లెక్క. నీ లెక్క ఏంది? నా మొహం పైసలతోని బ్యాటరీ తెచ్చినవ్" అంది.

కొట్టేయించిన మూడు లైన్లూ కూడి, కవరులో పెట్టి ఇప్పటికి మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ తోసేసింది.

"ఇప్పుడొద్దు. మచ్చలన్నీ పోయిన్నాడు ఇయ్యి. గా డాక్టరమ్మను అడిగి, ముందుగాల చిన్న జాగల జేపిచ్చి సూసుకుని, మళ్ళ జేపిచ్చుకుంట. గుంటలు గట్లనే ఉన్నయి గద."

నిన్న పొద్దున వెలుతురులో చూశాను. కుడి చెంప తేటపడింది. ఎడమ వైపు చెవి దగ్గర రెండు మచ్చలు ఉన్నాయి. ఆమెకు నేను బాకీ ఏడు వేల మూడు వందలు.