మా నడవలో నాపరాయి మీది బల్లి

గురజాలలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు నడవలో పరిచిన నాపరాళ్ళలో ఒకదాని మీద జానెడు మచ్చ బయటపడింది. తల, నడుం, నాలుగు కాళ్ళు, వంకర తోక. మా ఆవిడ చూసి బల్లి అంది. సైన్సు మాస్టారిని కదా, నేను శిలాజం అన్నాను. రాక్షసబల్లుల నాటి ప్రాణి, పిల్లదై ఉంటుందని కూడా చేర్చాను. పిల్లదని నాకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఆ రాయి సరిగ్గా వంటింటి దారిలో ఉంది. పొరపాటున కాలు పడితే మా ఆవిడ తలస్నానం చేసేది. నీళ్ళు రాని రోజున ఎదురింటి పిన్నిగారిని ముట్టుకుని వచ్చేది. ఆవిడ కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చిన మనిషి, ఆవిడను ముట్టుకుంటే దోషం పోతుందట. వచ్చినవాళ్ళందరి ముందూ ఈ చాదస్తాన్ని ఎగతాళి చేసేవాణ్ణి. ఆ రాయిని నేనూ తొక్కేవాణ్ణి కాదు, కానీ నాది విజ్ఞానం పట్ల గౌరవం. ఏటా పదో తరగతి పిల్లల్ని తీసుకొచ్చి, చెప్పులు బయట విడిపించి, దాని చుట్టూ నిలబెట్టి పాఠం చెప్పేవాణ్ణి. ఊళ్ళో నాకున్న పేరంతా ఆ రాయి వల్ల వచ్చిందే.

మొన్న వేసవిలో ఆ పిల్లల్లోనే ఒకడు, ఇప్పుడు భూగర్భశాస్త్రం ప్రొఫెసరు, నన్ను చూడటానికి వచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని భూతద్దంతో చాలాసేపు చూశాడు.

"మాస్టారూ, మన పల్నాటి రాయి చానా పాతదండీ. ఇది ఏర్పడేనాటికి బల్లులే కాదు, అసలు ఎముకలున్న ప్రాణే పుట్టలేదు" అన్నాడు.

మరి ఇదేమిటని అడిగాను. నాచు పేరుకున్న ఆనవాలు కావచ్చు, ఖనిజం దిగిన మరక కావచ్చు, కోసి చూస్తే తప్ప తేల్చలేనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా దగ్గర చదువుకున్నవాడు నా నడవలోనే పడుకుని నా ప్రాణిని మరక చేసేశాడు. కోయడానికి వీల్లేదని చెప్పి పంపేశాను.

అతను వెళ్ళగానే మా ఆవిడ గోంగూర కట్ట తెచ్చుకుని, సరిగ్గా ఆ తోక మీద పీట వేసుకుని కూర్చుంది. ఇన్నేళ్ళ తలస్నానాలు వృథా అయ్యాయన్న బాధ మొహంలో ఎక్కడా లేదు.

"బల్లి కాదని తేలిందిగా. ఇంకేంది, తొక్కుకుంటా వంటింట్లోకి పోయి కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టండి" అంది.

లేచి వెళ్ళాను. బొటనవేలు ఆ తలకు తగిలీ తగలగానే కాలు వెనక్కి లాక్కుని, గోడ పట్టుకుని పక్కనుంచి పోయాను.

ఆవిడ ఆకు తుంచుతూనే అంది: "పిన్నిగారు ఇంట్లోనే ఉన్నారు."