అంబాసిడర్‌కి జీపు ఎయిర్ క్లీనర్

గురజాలలో ఒక డ్రైవరు చేతిలోంచి స్టీరింగు పోవడానికి కారణం నేను. ఆనాడు చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఎనభైల్లో దాచిన ఆ మాట ఇన్నేళ్లూ నా వెంటే తిరిగింది. అన్నం దగ్గరా, నలుగురిలో కూర్చున్నప్పుడూ. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నాకు సొంత మెకానిక్ షెడ్డు ఉండేది. ఒక నాపరాళ్ల వ్యాపారికి పాత అంబాసిడర్ ఉంది. దాన్ని తోలేది తిరపతయ్య. మాది ఒకే వీధి, ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. క్వారీల మధ్య తిరిగే కారు కాబట్టి, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని వడకట్టే ఎయిర్ క్లీనర్ రాతిదుమ్ముకు మాటిమాటికీ పూడుకుపోయేది. ఎత్తు ఎక్కాలంటే కారు ఆయాసపడేది. విజయపురి సౌత్‌లో డ్యామ్ పనులకు వాడి వేలం వేసిన పాత జీపుల సామానులో నాకు ఆయిల్ పోసే పెద్ద ఎయిర్ క్లీనర్ దొరికింది. దుమ్ము ఆయిల్‌లో పడిపోతుంది, ఇంజన్‌కి గాలి దండిగా అందుతుంది. దీన్ని ఆ కారుకు పెడితే? ఆలోచన మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.

పెట్టాను. జీపు పైపు మూతి పెద్దది, ఆ గాలిని అందుకునే కారు కార్బురేటర్ మూతి చిన్నది. ఆ సందులో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగించాను.

తిరపతయ్య బానెట్ కిందికి తొంగిచూసి నవ్వాడు. "ఏంది బావా, దీనికి ఏనుగు తొండం తగిలించావ్?"

"నోరు మూసుకోని తోలు. ఊపిరి బాగా ఆడుద్ది."

"ఇంజన్ వేడికి ఈ ట్యూబు ముక్క ఆగుద్దంటావా?"

"నరసరావుపేట పోయి సరైన పైపు తెస్తాలే."

వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు? కారు నిజంగానే పరుగెత్తింది. స్టాండులో డ్రైవర్లు వచ్చి చూసిపోయేవాళ్లు, జీపు సామానుతో కారుకు ప్రాణం పోశాడని చెప్పుకునేవాళ్లు, ఆ పొగడ్త చెవిలో ఉన్నంతకాలం క్లిప్పు విప్పి కింద ఎలా ఉందో చూడాలని నాకు తోచలేదు. తోచలేదా, చూస్తే తెలిసిపోతుందని చూడలేదా?

ఎండాకాలం దాటకముందే కారు పొగ కక్కింది. షెడ్డుకు తెచ్చి వదిలారు. ఒక్కణ్ణే ఉండి పైపు విప్పాను. ట్యూబు పగిలి విడిపోయి ఉంది. కార్బురేటర్ మూతి లోపల రాతిపొడి. వడకట్టని దుమ్ము ఆ సందులోంచి నేరుగా పోయి ఇంజన్‌ని అరగదీసింది. గుడ్డ తీసుకుని ఆ పొడి తుడిచేశాను. అప్పటికి ఇంకొకరి మీద నేరం వేయాలని లేదు. నన్ను నేను దాచుకోవాలని మాత్రమే. ఆ రెండూ వేరు వేరని అనుకున్నాను.

వ్యాపారి వచ్చాడు, వెనకాల తిరపతయ్య. ఆ రోజుల్లో పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలిపే డ్రైవర్లు ఉండేవాళ్లు. ఏ ఇంజన్ పొగ కక్కినా ముందు అనుమానం డ్రైవరు మీదే.

"ఏందిరా, కిరసనాయిలు పోసి తోలావా?"

"మా అమ్మ మీద ఒట్టయ్యా, చుక్క గూడా కలపలా."

వ్యాపారి నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మేస్త్రీ. కిరసనాయిలేనా?"

తిరపతయ్య మొహం తేటపడింది. "చెప్పు బావా. నీకు తెలవనిదేముంది?"

"అయ్యుండొచ్చండీ," అన్నాను.

తిరపతయ్య తాళంచెవి సీటు మీద పెట్టి వెళ్లిపోయాడు. కిరసనాయిలు డ్రైవరని పేరు పడ్డాక గురజాలలో, మాచర్లలో ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. కొన్నాళ్లు క్వారీలో రాళ్లు మోశాడు. తర్వాత క్రోసూరు వైపు కూలికి వెళ్లాడని విన్నాను.

నా షెడ్డు బాగానే నడిచింది. కానీ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. చనువు పెరిగితే ఏదో ఒకనాడు నోరు జారతానని భయం. పెళ్లిళ్లకు వెళితే పంక్తి చివర కూర్చుని, తిని, లేచి వచ్చేసేవాణ్ణి. మా ఇంటావిడకూ చెప్పలేదు. ఎవరు ఆప్యాయంగా పలకరించినా, ఆ పలకరింపు వాళ్లు అనుకుంటున్న మంచి మేస్త్రీకే గానీ నాకు కాదనిపించేది.

వ్యాపారి చనిపోయాడు, ఆయనకు నిజం చెప్పే వీలు పోయింది. మొన్న క్రోసూరు వెళ్లాను. కల్లంలో కూలీల మధ్య కూర్చుని తిరపతయ్య మిరపకాయల్లో రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. పక్కకు పిలుద్దామనుకున్నాను. వ్యాపారి ముందు నింద వేసి, ఇప్పుడు చాటుకు పిలిచి నిజం చెబుతానా? అక్కడే నిలబడి, అందరూ వినేలా చెప్పాను. అతను తలెత్తి చూశాడు, మళ్లీ పనిలో పడ్డాడు. క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. కానీ తిరుగు బస్సులో పక్కసీటు మనిషి ఏ ఊరని అడిగితే, చానా ఏళ్ల తర్వాత బెదురు లేకుండా మాట కలిపాను.

కల్లంలో అన్నది ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను.

"కారు పాడైంది నా పనితనం వల్ల తిరపతయ్యా. నువ్వు కిరసనాయిలు కలపలా. నాకు తెలుసు. తెలిసే నీ మీద పడనిచ్చా. నీకు అన్యాయం చేశా."