వెనక వైపు గీయని బొమ్మ

మొన్న ఆదివారం మా అమ్మాయి కొత్త ఫ్లాటు చూద్దాం రమ్మని బెంగళూరు సర్జాపుర రోడ్డుకు తీసుకుపోయింది. అక్కడి సేల్స్ ఆఫీసులో ఉన్న పిల్ల గోడంత తెర మీద అపార్ట్‌మెంటు బొమ్మను వేలితో గిరగిరా తిప్పి చూపించింది. భవనం వెనక పచ్చిక, పచ్చిక మీద బెంచీలు. తీరా పైకెక్కి శాంపిల్ ఫ్లాటు బాల్కనీలో నిలబడితే, సరిగ్గా ఆ పచ్చిక ఉండవలసిన చోట రాజకాలువె, అదే ఊరి మురుగంతా మోసే పెద్ద కాలువ, నల్లగా, నురగలు కక్కుతూ పారుతోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. "లాన్ అక్కడే వస్తుంది ఆంటీ" అంది ఆ పిల్ల, కన్నార్పకుండా. ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆ పిల్లను నాలుగు దులుపుదామని నోరు తెరిచానుగానీ, ఆ కంపులో నలభై ఏళ్ళ కిందటి నేనే నాకు గుర్తొచ్చి బాల్కనీ నుంచి వెనక్కి తిరిగాను.

నా ఈడువాళ్ళకు డ్రాయింగ్ బోర్డు గురించీ, దాని మీద గీతలకు ఆనించే టీ-స్క్వేర్ గురించీ కొత్తగా చెప్పనక్కరలేదు. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో డిప్లొమా పూర్తి చేసిన నన్ను మా చిన్నాన్న తాను హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్న, ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులోనే చేర్పించాడు. కట్టడం మూడు పక్కలూ ఒకేసారి కనిపించే ఐసోమెట్రిక్ బొమ్మ నేర్పింది ఆయనే. నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, పొడవూ వెడల్పూ మాత్రం చెరో పక్కకు ముప్పై డిగ్రీల వాలులో సాగుతాయి. దూరంగా ఉన్నది చిన్నదిగా కనిపించే మాయ ఇందులో లేదు, ఆ మూడు దిక్కుల్లో ఎక్కడ స్కేలు పెట్టినా కొలత నిలుస్తుంది, ఇది అబద్ధమాడని బొమ్మమ్మా అని మురిసిపోతూ చెప్పేవాడు. నేనూ నమ్మాను.

అప్పట్లో హొసకోటె దగ్గర ఒక పెంకుల ఫ్యాక్టరీ యజమాని, తన స్థలంలో గుడిసెలు వేసుకున్న కూలీలను ఖాళీ చేయించి వేరేచోట పన్నెండు గదుల లైను కట్టించాలనుకున్నాడు. ఆ పని మా ఆఫీసుకు వచ్చింది. స్థలం చాలక పాయిఖానాల గుంతను గదుల వెనక గోడకు ఆరడుగుల దూరంలో, నీళ్ళ బోరింగు పక్కనే పెట్టారు. కూలీలకు ప్లాను చదవడం రాదు కాబట్టి, వాళ్ళను ఒప్పించడానికి చూడగానే అర్థమయ్యే ఐసోమెట్రిక్ బొమ్మ గీయమని చిన్నాన్న నాకు అప్పగించాడు. ఏ మూల నుంచి చూసి గీయాలని అడిగాను.

"డబ్బాకు ఆరు పక్కలున్నా కనిపించేవి మూడేనమ్మా. ఆ మూడూ ఏవో మనమే ఎంచుకోవాల" అన్నాడు, నా ముఖం వైపు చూడకుండా.

ముందు మూల నుంచి గీశాను. వరండా, వరసగా తలుపులు, పెంకుల కప్పు. ఒక్క గీత తప్పు కాదు, ఒక్క కొలత అబద్ధం కాదు. ఆ బొమ్మ పట్టుకుని నేనే పోయి గుడిసెల ముందు పరిచి చూపించాను. అందరూ సంబరపడుతుంటే, ఆ కూలీల మేస్త్రీ భార్య మాత్రం వంగి కాగితం అంచు దాకా చూసి అడిగింది.

"ఎనకపక్క ఏముండాదమ్మా?"

"ఏమీ లేదక్కా, ఖాళీ జాగా" అన్నాను. అంత తేలికగా ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

గదులు కట్టారు, కూలీలు వాటిలోకి మారారు. వానాకాలంలో గుంత పొంగింది. నీళ్ళ ట్యాంకుకు కొలతలు తీసుకురమ్మని ఆఫీసువాళ్ళు పంపితే వెళ్ళాను. వెనక గోడ నడుము ఎత్తు దాకా చెమ్మెక్కి పసుపుపచ్చగా ఉంది, గదుల గడపల మీద పురుగులు పాకుతున్నాయి, పిల్లలు వాంతులతో, విరేచనాలతో చాపల మీద పడి ఉన్నారు. మేస్త్రీ భార్య తన చిన్నపిల్లను అప్పుడే ఆసుపత్రి నుంచి తెచ్చుకుంది. నన్ను తిట్టలేదు. చెంబుతో నీళ్ళిచ్చి, "బొమ్మలో లేనిది ఇంటి ఎనక ఉండాదే, ఎట్లమ్మా?" అంది. ఆ నీళ్ళు ఆ బోరింగువే. తాగలేకపోయాను. బయటికి పరుగెత్తి గోడవార డోకుకున్నాను. కంపుకని వాళ్ళు అనుకుని ఉంటారు. నాకు మాత్రం నా చేతులు చూస్తేనే రోతగా ఉండింది.

ఆ వారమే ఇంట్లో రాత్రులు మేలుకుని కూర్చుని, ఈసారి వెనక మూల నుంచి మరో బొమ్మ గీశాను. గుంత, బోరింగు, వెనక గోడ, మధ్య దూరాలు అన్నీ అంకెలతో, తెలుగు అక్షరాల్లో రాసి మేస్త్రీ చేతిలో పెట్టాను. కూలీలు మూడు రోజులు పెంకుల బట్టీలు ఆపి, ఆ కాగితం యజమాని బల్ల మీద పరిచి కూర్చున్నారు. చివరికి అతను గుంత పూడ్పించి, పొలం అవతల కొత్తది తవ్వించాడు, బోరింగు కూడా మార్పించాడు.

ఆ కాగితం తిరిగి తిరిగి మా ఆఫీసుకే వచ్చింది. "నీ అక్షరాలు నాకు తెలీవా?" అన్నాడు చిన్నాన్న. అంతే. మర్నాటి నుంచి నా బోర్డు ముందు వేరొకరు కూర్చున్నారు. ఆయన మా ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు, పోయేదాకా నాతో మాట్లాడలేదు. ఉద్యోగం ఇంకొకటి దొరికిందిగానీ, అంత చక్కగా గీత గీయడం నేర్పిన మనిషి మళ్ళీ దొరకలేదు. ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. "ఖాళీ జాగా" అన్న నా గొంతు మీద రోత మాత్రం పోలేదు.

ఆ రోజుల్లో ప్రతి బొమ్మకూ కింది మూలలో గీసినవారి పేరుకని ఒక గడి ఉండేది. పేరు రాయకపోయినా అక్షరాల ఒంపు, గీత బరువు చూసి ఇది ఫలానావారి చెయ్యి అని పట్టేసేవాళ్ళం. తెర మీది ఇప్పటి బొమ్మలు ఎంతో అందంగా ఉంటాయి, కానీ ఎవరి చేతిరాతా ఉండదు. అసహ్యించుకుందామన్నా మనిషి దొరకడు; తప్పు దిద్దుకుందామని వాటి వెనక ఎవరైనా మేలుకుని కూర్చుంటారో లేదో నాకు తెలియదు.